నాలుక వేరు, చెయ్యి వేరు

నాకు మాట తక్కువ. అందుకే పక్షవాతం వచ్చినప్పుడు నా మాట పడిపోయిన సంగతి మా ఆవిడ అంజిలమ్మ రెండో రోజుకు గాని కనిపెట్టలేదు. కుడిచెయ్యి పడిపోయిన సంగతి మాత్రం అప్పటికప్పుడే తెలిసింది, చేతిలోని నీళ్లచెంబు జారి ఆమె కాలి మీద పడింది కాబట్టి.

పెద్దాసుపత్రిలో పన్నెండు రోజులు ఉంచుకొని పంపారు. మాట తిరిగి వచ్చింది. వచ్చిందని దాన్నేమీ ఎక్కువగా వాడలేదు. చెయ్యి రాలేదు. వేళ్లు ముడుచుకొని పిడికిలి బిగిసిపోయింది, ఎవరి మీదో కోపం వచ్చినట్టు. ఎడమచేత్తో బొత్తాలు పెట్టుకోవచ్చు, బీడీ వెలిగించుకోవచ్చు. అన్నం ఎట్లా తింటాం? ఇంట్లో అంజిలమ్మ కలిపి ముద్దలు పెట్టేది. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోవడం మానేశాను. కడుపు బాగాలేదని చెప్పి ఒక పక్కన నిలబడేవాణ్ణి. ఏడాది పొడుగునా ఊళ్లో ప్రతి పెళ్లికీ నా కడుపు బాగుండకపోవడంతో, మొగులప్పకు అసలు రోగం కడుపులో ఉందని, చెయ్యి ఒక వంక మాత్రమేనని ఊరంతా నిర్ణయించింది.

నాకు కావలసింది ఒక్కటే. నలుగురిలో కూర్చొని కుడిచేత్తో అన్నం కలుపుకొని తినాలి.

అట్లాంటి రోజుల్లో మైకు కట్టిన ఆటో ఒకటి ఊళ్లోకి వచ్చింది. రోడ్డు మీద ఇదివరకు పట్టుపురుగుల ఆఫీసు ఉండిన బంగళాలో తులనాత్మక సంప్రదాయ వైద్య పరిశోధనా సంస్థ వెలిసిందట. చైనావారు పక్షవాతానికి తరతరాలుగా వాడుతున్న ఏడు దినుసుల కషాయం పనిచేస్తుందా లేదా అని అక్కడ తేలుస్తారట. చెయ్యి పడిపోయినవారు నలభైమంది కావాలట. "అభ్యర్థులు స్వయముగా వచ్చి, దరఖాస్తును స్వహస్తముతో పూరించవలెను" అని మైకు మూడుసార్లు చెప్పింది.

నేను వెళ్లి స్వహస్తంతో పూరించాను. ఎడమది కూడా నా స్వహస్తమే. ఆ దరఖాస్తు చూసి గుమాస్తా అది చైనా భాషా అని అడిగాడు.

డైరెక్టరు పరాంకుశం గారు పది రోజులు చైనా వెళ్లొచ్చిన మనిషి. బట్టతల, నున్నటి గడ్డం, ఎదుటివాడు ఒక్కడే ఉన్నా సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. మొదటి రోజు మా నలభైమందినీ కూర్చోబెట్టి ఉపన్యసించారు.

"మహాశయులారా! మీలో ఇరవైమందికి అసలు కషాయం, ఇరవైమందికి నకిలీ కషాయం ఇవ్వబడును. ఎవరికి ఏది ఇవ్వబడినదో మీకు తెలియదు, వైద్యులకూ తెలియదు. దీనిని ఉభయాంధ విధానము అందురు. ఇరువురూ గుడ్డివారై ఉన్నప్పుడే సత్యము కనబడును."

నా పక్కన కూర్చున్న ఆమె నా భుజం పొడిచింది. పక్క ఊరి మాణెమ్మ. ఊరూరా తిరిగి గాజులు తొడిగే మనిషి, ఎడమచెయ్యి పడిపోయింది. "నకిలీ తాగనీకి మనమే దొరికినమా అన్నా? ఒక్క చెయ్యి ఉంటె గాజులెట్ల తొడుగుత? పట్టుకునేదొక చెయ్యి, ఎక్కించేదొక చెయ్యి కావాలె గదా!" నేను మాట్లాడకపోయేసరికి నాకు మాట కూడా పడిపోయిందని జాలిపడి, తన సగం అరటిపండు నాకిచ్చింది.

తరవాత అందరికీ రెండేసి గిలాసలు ఇచ్చి, ఏది అసలో ఏది నకిలీయో పోల్చగలరా అని అడిగారు. పోల్చలేకపోతేనే పరిశోధన మొదలవుతుంది. ముప్పై తొమ్మిదిమంది తాగి, రెండూ చేదే అన్నారు.

నేను అనలేదు. నేను చేసిన మొదటి తెలివితక్కువ పని అది.

నల్లరేగడిలో ముప్పై ఏళ్లు కుసుమలు పండించినవాణ్ణి. కోతలప్పుడు కాళ్లకు గోనెగుడ్డ చుట్టుకొని ముళ్లలో నిలబడి, దాహం వేస్తే నాలుగు కుసుమపూల రేకులు నమిలేవాణ్ణి. ఆ రుచి నా నాలుకకు ఇంటిమనిషి లాంటిది. అందుకని లేచి నిలబడి చెప్పాను. "ఈ గిలాసల కుసుమపువ్వు ఉన్నది సార్. ఇంక, తొలకరి పడ్డంక దున్నితే చేను ఒక వాసన కొడ్తది, గా వాసన ఉన్నది. ఎర్రలు ఎండబెట్టి ఏసినట్టున్నరు. గీ రెండోదాంట్ల ఏం లేదు. చాయ్‌పత్తి, బెల్లం, ఏపాకు."

పరాంకుశం గారు చేతిలోని కాగితాలు గబగబా బోర్లించారు. ఆ దినుసుల పేర్లు సంస్థలో ఇద్దరికే తెలుసు.

"ఎర్రలా! వానపాములా!" అని మాణెమ్మ గిలాస వంక చూసింది. కాసేపు ఆలోచించి, "చాపలు రోజూ తింటయి. వాటికి పక్షవాతం వచ్చిందని ఎన్నడన్న ఇన్నమా?" అని మిగిలింది కూడా తాగేసింది.

ఆ రోజే కమిటీ కూర్చుంది. గోప్యత భగ్నమైందనీ, దానికి కారణం ఒక గ్రామీణ నాలుక అనీ తీర్మానించారు. నన్ను పంపేస్తారనుకున్నాను. కాని మర్నాడు పరాంకుశం గారు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, మెడలో గుర్తింపు కార్డు వేశారు. దాని మీద 'జిహ్వా పరిశీలకుడు' అని ఉంది.

"మొగులప్ప గారూ, మీ నాలుకను మోసగించగల నకిలీ తయారైననాడే ఈ అధ్యయనము ఆరంభమగును. అంతవరకు మీరే మాకు ప్రమాణము."

"మరి నా చెయ్యి సార్?"

"నాలుక వేరు, చెయ్యి వేరు. మీ నాలుక మా సిబ్బంది. మీ చెయ్యి మా రోగి. రెంటికీ పరస్పర సంబంధము ఉండరాదు."

నా ఒంట్లో భాగాలకు ఇంత గౌరవం ఎన్నడూ దక్కలేదు. ఆ కార్డు వేసుకొని ఊళ్లోకి వెళ్తే, రోడ్డు దాటేటప్పుడు కూడా నాలుక కొంచెం బయట పెట్టి నడవాలనిపించింది.

కషాయం కాసేది ఖాజామియా. బస్టాండులో ఇరవై ఏళ్లు చాయ్ కాసి ఈ ఉద్యోగానికి వచ్చాడు. నకిలీని తయారుచేసే పని ఆయన మీద పడింది. మొదట చింతబెరడు కాచాడు. చింతబెరడన్నాను. కాలిన జొన్నరొట్టె నానబెట్టి వడగట్టాడు. జొన్నరొట్టె అన్నాను, అదీ రెండు రోజులదన్నాను. గోనెసంచి ఉడకబెట్టాడు. గోనె అన్నాను, మిరపకాయలు మోసిన గోనె అన్నాను. ప్రతిసారీ కమిటీ సభ్యులు నావైపు భయభక్తులతో చూసేవారు. ప్రతిసారీ ఖాజామియాకు ఒక మెమో వచ్చేది. నేను మాత్రం రెండో చాయ్ కూడా అడిగి తాగేవాణ్ణి. నా చెయ్యి కోసం వచ్చినవాణ్ణి, నా నాలుక వల్లనే మందు మొదలుకావడం లేదన్న సంగతి మూడు నెలల దాకా నాకు తట్టలేదు.

ఈలోగా మా చేతులను ఊరికే ఉంచకూడదని ఫిజియోథెరపీ రేచల్ మేడంను వేశారు. అధ్యయనంలో పేరున్నవారికే ఆమె వ్యాయామం చేయిస్తుంది. ఒక పళ్లెంలో చింతగింజలు పోసి, పడిపోయిన చేత్తో ఒక్కొక్కటే తీసి ఇంకో పళ్లెంలో వేయమనేది. మొదట్లో నేను గంటకు ఒక్క గింజ కూడా తీయలేకపోయాను. "మొగులప్పా, చేతికి చెప్పకు. గింజ దిక్కు చూడు. కావాలనుకో" అనేది. మాణెమ్మ రెండు రోజులు చేసి మానేసింది. "మందు వస్తది గదా మేడం, ఇంక గింజలెందుకు?" అని వరండాలో కూర్చొని అందరి క్షేమసమాచారాలూ విచారించేది.

ఏడో నకిలీని కూడా నేను పట్టేశాక పరాంకుశం గారు రాతపూర్వకంగా ఉత్తరువు జారీ చేశారు: 'అసలు కషాయమునకు, నకిలీ కషాయమునకు రంగు, రుచి, వాసన, చిక్కదనము, నురుగు, త్రేనుపు మొదలగు ఏ విషయములోనూ ఏ విధమైన తేడా ఉండరాదు.'

మర్నాడు కమిటీ ముందు రెండు గిలాసలు పెట్టారు. మొదటిది తాగాను. కుసుమ, ఎర్రలు, అన్నీ ఉన్నాయి. రెండోది తాగాను. కుసుమ, ఎర్రలు, అన్నీ ఉన్నాయి. మళ్లీ మొదటిది తాగాను. కమిటీ ఊపిరి బిగబట్టింది.

"రెండు అసలుదే సార్" అన్నాను.

చప్పట్లు మోగాయి. పరాంకుశం గారు లేచి నన్ను కౌగిలించుకున్నారు. "నకిలీని చూచి అసలన్నాడు! ఈ జిహ్వ మోసపోయినది! మన నకిలీ సంపూర్ణము!"

"గట్ల కాదు సార్, రెండు నిజంగనే..."

"అదే! నిజముగానే అనిపించినది కదా! చాలు, చాలు."

సాయంత్రం నేను కషాయశాలకు వెళ్లాను. ఖాజామియా కషాయం కాచే పెద్ద గంజు తోముతున్నాడు. ఒక్కటే గంజు.

"ఏం చేశినవ్ ఖాజన్నా?"

"ఆర్డర్ చదివిన" అన్నాడు ఆయన, తోముతూనే. "ఏ తేడా ఉండొద్దని రాశిండు. ఒక్క గంజులకెళ్లే రెండు గిలాసల్ల పోసిన. ఎర్రమూత సీసలు అసలుదట, నీలంమూత సీసలు నకిలీదట. మూతలు ఆయిన చెప్పినట్టే పెడ్త. నువ్వే చెప్పు, ఆర్డర్ల యాడన్న తప్పిననా?"

నేను చాలాసేపు ఆలోచించాను. తప్పలేదు.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. చెప్పాలనే పరాంకుశం గారి గది దగ్గరకు వెళ్లాను. అప్పటికి సంస్థలో ఉభయాంధ విధానం పోయి సర్వాంధ విధానం వచ్చింది. దినుసుల పట్టీ చదివిన స్టోర్‌కీపరును దూరం బదిలీ చేశారు. ఏ మూతలో ఏముందో రాసిన కవరుకు సీలు వేసి బీరువాలో పెట్టారు. బీరువా తాళంచెవిని ఇంకో కవరులో పెట్టి సీలు వేశారు. ఆ కవరు ఎక్కడుందో తెలిసిన ఉద్యోగికి సెలవు మంజూరు చేశారు. రేచల్ మేడం ఎవరి చెయ్యి కొలుస్తున్నదో ఆమెకు తెలియకుండా గోడంత తెర కట్టి దానికి కంత పెట్టారు. మేము కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టాలి. "మొగులప్పా, గోళ్లు తీసుకోరాదా" అని తెర వెనకనుంచి వినిపించేది.

నేను గడపలో నిలబడి, "సార్, కషాయం సంగతి ఒకటి చెప్పాలె" అన్నాను.

పరాంకుశం గారు రెండు చెవులూ మూసుకున్నారు. "వద్దు! నాకు తెలియరాదు! మీకేమైనా తెలిసినదా?"

"తెలిస్తే ఏమైతది సార్?"

"పద్నాలుగవ నిబంధన. ఏ మూతలో ఏమున్నదో తెలిసినవాడు తక్షణము తొలగించబడును. వాని చెయ్యి కూడా తొలగించబడును. అనగా, లెక్కలోనుంచి" అని వివరించి, చెవుల మీంచి చేతులు కొంచెం ఎత్తారు. "ఇప్పుడు చెప్పండి. మీకేమైనా తెలిసినదా?"

ఆ రోజు పొద్దుననే నా చూపుడువేలు కదిలింది. ఒక చింతగింజను వేలుకూ బొటనవేలుకూ నడుమ పట్టి ఎత్తాను. పళ్లెం దాకా చేరలేదు, నేల మీద పడింది. అయినా రేచల్ మేడం చప్పట్లు కొట్టింది. తొలగిస్తే ఆ పళ్లెమూ పోతుంది, ఆ గింజలూ పోతాయి.

"ఏం తెల్వదు సార్" అన్నాను.

పుట్టినప్పటినుంచీ మాట తక్కువని నన్ను అందరూ మెచ్చుకున్నారు. ఆ గుణం నాకు ఇంతగా పనికొస్తుందని అప్పుడే తెలిసింది.

ఆరు నెలలు కషాయం తాగాం. నాకు నీలంమూత వచ్చింది, మాణెమ్మకు ఎర్రమూత. నేను రోజూ కషాయం తాగి గింజలేరాను. ఆమె రోజూ కషాయం తాగి వరండాలో కూర్చుంది. నాకు మొదట మూడు వేళ్లు విచ్చుకున్నాయి, తరవాత ఐదూ. ఆరో నెలలో మా మేనకోడలి బిడ్డ పురుటి భోజనాలకు వెళ్లి, మూలకు నిలబడకుండా బంతిలో కూర్చున్నాను. అన్నంలో పప్పు కలిపాను. ముద్ద సగం విస్తట్లోనే రాలింది. మిగిలిన సగం నోట్లోకి పోయింది. వడ్డించే మనిషి వంగి, "మొగులప్పా, కడుపు నయమైందా?" అని అడిగాడు. నయమైందన్నాను. అంజిలమ్మ గుంజ వెనక నిలబడి కొంగు కళ్లకు అద్దుకుంది.

ముగింపు సభ రోజున వెతికి వెతికి తాళంచెవి కవరు పట్టుకొని, బీరువా తెరిచి, అసలు కవరు విప్పారు. ఎర్రమూతల్లో పదకొండుమందికి చెయ్యి బాగైంది. నీలంమూతల్లోనూ పదకొండుమందికి. రవ్వంత తేడా లేదు. ఆ ఇరవై ఇద్దరూ రేచల్ మేడం దగ్గర గింజలేరినవారే. కాని గింజల గడి ఫారంలో లేదు.

పరాంకుశం గారి ముఖం పాలిపోయింది. అయిపోయింది, ఇప్పుడైనా గంజు గురించి ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను. ఆయన రెండు గ్లాసుల నీళ్లు తాగారు. తరవాత ఆయన ముఖం మెల్లగా వెలిగింది.

"మహాశయులారా! చైనావారు కొన్ని తరములు శ్రమించి కనుగొన్న అసలు ఔషధముతో, ఏ ఔషధమూ లేని మన స్వదేశీ నకిలీ సరిసమానముగా పనిచేసినది! వారికి ఏడు దినుసులు కావలసివచ్చినవి. మనకు ఒక్కటీ అక్కరలేకపోయినది! నేటినుండి సంస్థ తన సర్వశక్తులను ఈ నకిలీ కషాయముపై కేంద్రీకరించును. ఎర్రమూతతో గుణము కనబడని తొమ్మిదిమందికి రేపటినుండి నీలంమూత ఇవ్వబడును!"

చప్పట్లు మోగాయి. ఖాజామియా అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆయనకు ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు.

అప్పుడు గుమాస్తా నా ముందు ఒక కాగితం పెట్టాడు. నీలంమూతలో బాగుపడినవారు ఒక్కొక్కరూ సంతకం చేయాలి. 'నేను సేవించిన ద్రవము ఏమిటో నాకు ఏనాడును తెలియదు.' మొదటి సంతకం జిహ్వా పరిశీలకుడిదే ఉండాలట.

నేను కలం పట్టుకోకుండా కూర్చున్నాను. పరాంకుశం గారు నా చెవి దగ్గరకు వంగారు. ఆ మనిషి గొంతు తగ్గించడం నేను అదొక్కసారే విన్నాను.

"ఏమి మొగులప్ప గారూ?"

"తెలుసని రాస్తె సార్?"

"అధ్యయనము మొత్తము రద్దగును. బాగుపడిన ఇరవై రెండు చేతులునూ బాగుపడనట్లే నమోదగును. మీ చేతితో సహా. రేచల్ గారి ఉద్యోగము కూడా అధ్యయనములోనిదే."

రేచల్ మేడం గోడ దగ్గర నిలబడి నా చేతి వంకే చూస్తున్నది, కలం పట్టుకోగలదా లేదా అని. నేను కలం పట్టుకున్నాను. పట్టు బాగా కుదిరింది. రెండేళ్లకు కుడిచేత్తో పెట్టిన మొదటి సంతకం. అక్షరాలు ఇదివరకటి కంటే గుండ్రంగా వచ్చాయి. రేచల్ మేడం సంతోషం పట్టలేక గట్టిగా ఈల వేసింది. ఫొటో తీశారు.

బయట ఆటో కోసం నిలబడితే మాణెమ్మ వచ్చింది. కుడిచేత్తో నీలంమూత సీసాను గుండెకు హత్తుకొని ఉంది. ఎడమచెయ్యి ఎప్పటిలాగే వేలాడుతోంది.

"చూశినవా అన్నా! ఆరు నెల్లు నాకు ఉత్త చైనా మందు పోశిండ్రు. ఇప్పుడు మంచిది ఇచ్చిండ్రు. నీకు బాగైన మందు!"

అప్పుడు నేను నా బతుకులో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాను. "మాణెమ్మా, గా మందు గీ మందు ఒక్కటే. ఒక్క గంజుల కాశిందే, మూతలే వేరు. ఖాజన్న నాకు చెప్పిండు. నాకు బాగైంది కషాయంతోటి కాదు, గింజలేరితే బాగైంది. రేపొద్దుగాల రా. రేచల్ మేడం దగ్గర నా పక్కన కూసో. ఆరు నెల్లు పోయినయి, ఇంక పోనియ్యకు. గాజులు తొడగాలన్నవు గదా."

ఆమె నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది.

"ఎంత మాటకారివైనవే అన్నా! ఏం తాగినవో నీకే తెల్వదని ఇప్పుడే గదా సంతకం పెట్టినవ్? నలభైమంది ముందట పెట్టినవ్. ఫొటో గూడ దిగినవ్. నీకే తెల్వనిది నాకెట్ల చెప్తవ్?"

అంతలోనే ఆటో వచ్చింది. ఆమె ఎక్కి సీసాను ఒళ్లో పెట్టుకొని, పళ్లతో మూత పట్టి తిప్పింది. తాగవద్దని, నా మాట వినమని నేను చెయ్యి ఊపాను. ఐదు వేళ్లూ చక్కగా విచ్చుకొని ఊగాయి. ఆమె ఆ వేళ్లనే చూస్తూ, మురిసిపోతూ, పెద్ద గుక్క తాగింది.